బావ మీద వసంతం

దామోదరానికి ఉన్న పిచ్చి గురించి చిత్తూరు మామిడికాయల మండీలో తెలియనివాడు లేడు. మండీలో గుమాస్తా ఉద్యోగం, ఇంట్లో పెళ్లీడుకొచ్చిన కూతురు, చెవుల పక్కన నెరిసిన వెంట్రుకలు. ఇన్నీ పెట్టుకుని ఆ మహానుభావుడు ఆడుకునేది పిల్లకాయల నీళ్ల తుపాకులతో. ఆడుకోవడమంటే కాల్చడం కాదు, విప్పడం. తిరుపతి గంగజాతర అంగళ్లలో ఎర్ర ప్లాస్టిక్ తుపాకీ కంటబడితే చాలు, కొని ఇంటికి తెచ్చేవాడు. బ్లేడు వేడిచేసి అతుకు వెంబడి రెండు చిప్పలుగా విడదీసేవాడు. లోపలి స్ప్రింగూ, చిన్న గుండూ, నీళ్లు పీల్చే గొట్టమూ పళ్లెంలో పరుచుకుని కూర్చునేవాడు. ఆ గుండు నీళ్లను వెనక్కి పోనీయకుండా ఎట్లా ఆపుతోంది, ఇంకాస్త బరువైనది పెడితే ధార ఎంత దూరం పోతుంది, ఇదే ధ్యాస. అన్నానికి పిలిస్తే పలకడు.

ఆయన భార్య శకుంతలమ్మ సహనం గురించి ఏం చెప్పాలి! సైకిలు పంపులోని తోలు వాషరు తుపాకీలోకి పోయింది. కాంపౌండరును బతిమాలి తెచ్చిన సెలైన్ గొట్టం వంటింటి గూట్లో పాములా చుట్టుకుని పడుకుంది. పిల్ల పరీక్ష రాసే పెన్ను మొన కూడా ఊడబెరికాడు.

"మా ఇంట్లో పంపుకు తోలు లేదు, పెన్నుకు మొన లేదు, ఈయప్పకు బుద్ధి లేదు," అని ఆమె వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది. దామోదరం నవ్వేవాడే గాని మానేవాడు కాదు.

ఈ పిచ్చి వల్లే బావ పోయాడు. పోయాడంటే చచ్చిపోయాడని కాదు. సత్యవేడులో వేరుశనగ పండించుకుంటూ నిక్షేపంగా ఉన్నాడు. దామోదరం అక్క భారతమ్మ మొగుడు మునిరామయ్య ఆయన. కొన్నేళ్ల కిందట దామోదరం కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశం పెట్టుకున్నాడు. అక్కాబావలను పిలవడానికి సత్యవేడు బయలుదేరాల్సిన ఆదివారం పొద్దునే మద్రాసు నుంచి కొత్తరకం తుపాకీ ఒకటి చేతికొచ్చింది. ఒక్కసారి విప్పి చూసి పోదామనుకున్నాడు. విప్పడం వచ్చింది గాని బిగించడం రాలేదు. పొద్దుగూకేదాకా దానితోనే కుస్తీ. చివరికి తడ ఊరికి లోడు తీసుకుపోతున్న లారీ డ్రైవరు చేతిలో పత్రిక పెట్టి, "దోవలో మా బావకు ఇచ్చి పోప్పా," అన్నాడు.

బొట్టు పెట్టి, తాంబూలం చేతికిచ్చి పిలవాల్సిన ఇంటి అల్లుణ్ణి లారీ డ్రైవరు పిలిచాడు. ఎవరికి మాత్రం కడుపు మండదు?

"కాగితం వచ్చినాది, మనిషి రాలా. నేనూ పోయేది లేదు," అని మునిరామయ్య ఆ పత్రికను చూరులో దోపేశాడట. అప్పటినుంచి మాటల్లేవు. భారతమ్మకు పుట్టింటి దారి మూసుకుపోయింది.

ఇప్పుడు కూతురు అలివేలు పెళ్లి కుదిరింది. దామోదరం ఈసారి భార్యను వెంటబెట్టుకుని సత్యవేడు పోయి బొట్టు పెట్టి మరీ పిలిచాడు. మునిరామయ్య వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. ఆకాశం చూస్తూ కూర్చున్నాడు.

పెళ్లిరోజు వచ్చాడు. మేనకోడలి తలమీద అక్షతలు వేశాడు. అంతే, తన కుర్చీ తానే మోసుకుపోయి రోడ్డు పక్కన వేపచెట్టు కింద వేసుకుని, గుడ్డసంచి ఒళ్లో పెట్టుకుని, మధ్యాహ్నం సత్యవేడు బస్సుకు ఎదురుచూస్తూ కూర్చున్నాడు. మజ్జిగ తెచ్చిన మనిషితో, "దాహం లేదని ఆయప్పకు చెప్పు," అన్నాడు. ఆ ఆయప్ప పందిట్లోంచి చూస్తూనే ఉన్నాడు.

వంటపందిట్లో భారతమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటోంది. "మీ బావ ఈ పొద్దు ఎంగిలిపడకుండా బస్సెక్కినాడంటే అయిపోయినట్టే తమ్ముడా. నేను ఇంగ ఈ గడప తొక్కేది లేదు."

అయినా దామోదరం దగ్గర ఒక ఉపాయం ఉంది. పెళ్లయ్యాక వాళ్ల ఇళ్లలో వసంతాలాడతారు. పెద్ద గంగాళంలో పసుపూ సున్నమూ కలిపి, ఎర్రగా తిరిగిన నీళ్లను బావామరదళ్లూ బావాబామ్మర్దులూ ఒకరిమీద ఒకరు పోసుకుంటారు. వసంతం మీద పడినవాడు ఆ ఇంట్లోనే స్నానం చేసి, ఆ ఇంటివాళ్లు పెట్టిన కొత్త పంచె కట్టుకుని, విస్తరి ముందు కూర్చుని తినే కదలాలి. ఎంత కోపిష్టివాడైనా ఇది మీరడు.

ఈ సంగతి మునిరామయ్యకూ తెలుసు. అందుకే పందిరికి అంత దూరాన కూర్చున్నాడు. చెంబు పట్టుకుని ఎవరు అటు అడుగు వేసినా కుర్చీ ఇంకాస్త వెనక్కి జరుపుతున్నాడు.

బావ దగ్గరికి రానివ్వడని దామోదరానికి ముందే తెలుసు. పెళ్లి పనులన్నీ శకుంతలమ్మ నెత్తిన వేసి, తన జన్మలోకెల్లా పెద్ద తుపాకీ తయారు చేసింది అందుకే. అందులో సైకిలు పంపు ఇత్తడి గొట్టం ఉంది, కొబ్బరినూనెలో నానబెట్టిన తోలు వాషరు ఉంది, సూదితో పొడిచి లోపలి గుండు తీసేసిన పెన్ను మొన ఉంది. అతుకులన్నీ లక్కతో మూశాడు. మిద్దె మీంచి కొట్టి చూస్తే, ధార రోడ్డు దాటి ఎదురింటి జయరావు ఆరేసుకున్న పంచెకు తగిలింది. జయరావు తిట్టిన తిట్లు దామోదరానికి దీవెనల్లా వినిపించాయి.

వసంతాలు మొదలయ్యాయి. పందిట్లో కేకలు, పరుగులు. దామోదరం గంగాళంలోంచి తుపాకీ నింపుకుని పందిరి గుంజ చాటున నిలబడ్డాడు. గాలి కొట్టాడు. బావ గుండెకు గురిపెట్టి నొక్కాడు.

ధార రాలేదు. మొన చివర ఒక ఎర్రటి బొట్టు వచ్చి నిలబడింది.

ఎందుకు వస్తుంది? ఆయన ఇన్నాళ్లూ కొట్టి చూసింది మంచినీళ్లతో. వసంతంలో ఉండేది సున్నం. పైగా బావకు బాగా ఎర్రగా అంటాలని తానే దగ్గరుండి ఇంకో పిడికెడు వేయించాడు. ఆ పలుకులన్నీ పోయి పెన్ను మొనలో ఇరుక్కున్నాయి. తుపాకుల గురించి ఇంత తెలిసినవాడికి ఆ చిన్న సంగతి తట్టలేదు చూశారా! తట్టకపోగా మొండితనం వచ్చింది. పళ్లు బిగించి ఇంకా గాలి కొట్టాడు, ఇంకా కొట్టాడు. ఢామ్మని లక్క అతుకు ఊడింది. తుపాకీలోని వసంతమంతా దామోదరం మొహాన పడి, మీసాల మీంచి కొత్త చొక్కాలోకి దిగింది.

పందిట్లో నవ్వులు ఆగలేదు. శకుంతలమ్మ నవ్వలేక కూలబడింది.

"నా పంచె ఉసురు తగిలినట్టుండాది," అన్నాడు జయరావు.

వేపచెట్టు కింద మునిరామయ్య మాత్రం నవ్వలేదు. ఆ ఎర్రటి మనిషిని పైనుంచి కిందిదాకా చూశాడు. ఇన్నేళ్ల తర్వాత మొదటిసారి, మధ్యన ఇంకొకరిని పెట్టకుండా, నేరుగా మాట్లాడాడు.

"ఏం దామోదరం. ఆ పొద్దు పిలుపు లారీలో పంపిస్తివి. ఈ పొద్దు వసంతం గొట్టంలో పంపిస్తా ఉండావు. నాలుగడుగులు నడిచి నా కాడికి వచ్చేదానికి నీకు కాళ్లు లేవా?"

దామోదరానికి సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా ఏడుపొచ్చింది. బావ దగ్గరికి రానివ్వడు, రానివ్వడు అని అందరికీ చెప్పుకుంటూ తిరిగాడే గాని, ఈ రోజు మొత్తంలో తాను ఒక్కసారైనా ఆ చెట్టు కిందికి పోయి, బావా, తప్పయింది, లేచి రా అన్నాడా? మజ్జిగ కూడా ఇంకొకరి చేతే పంపించాడు కదా.

తుపాకీని అక్కడే కింద పెట్టేశాడు. గంగాళంలో చెంబు ముంచాడు. తడిసిన చొక్కాతో, అందరూ చూస్తుండగా, రోడ్డు దాకా నడిచి బావ ముందు నిలబడ్డాడు.

"తప్పయింది బావా," అన్నాడు. "ఆ పొద్దు నేనే వచ్చుండాల."

మునిరామయ్య కుర్చీ జరపలేదు. నెమ్మదిగా చేతి గడియారం విప్పాడు. కళ్లజోడు తీశాడు. పరుగెత్తుకొచ్చిన భారతమ్మ చేతిలో ఆ రెండూ పెట్టి, ఒళ్లోని సంచి కూడా ఆమెకే ఇచ్చి, తల వంచాడు.

దామోదరం చెంబెడూ పోశాడు.

అప్పుడే పుత్తూరు వైపు మొహం పెట్టుకుని సత్యవేడు బస్సు వచ్చి చెట్టు కింద ఆగింది. తల నుంచి ఎర్రనీళ్లు కారుతున్న పెద్దమనిషిని కండక్టరు వింతగా చూశాడు. "ఏం సామీ, ఎక్కుతావా ఎక్కవా?"

మునిరామయ్య మీసం తుడుచుకున్నాడు.

"నువ్వు పో అబ్బా," అన్నాడు. "మా బామ్మర్ది ఇంట్లో పెండ్లి. నేనింకా అన్నం తినలా."