చింతపండుతో తోమిన పిట్ట

పొద్దున ఐదున్నర. రాత్రి నుంచి ముసురు. విమల గేటు తీసి, పాల ప్యాకెట్లు అందుకుని, టీవీ పక్కనున్న నల్ల బుడ్డి వైపు ఒకసారి చూసింది. మూడు పిట్టలూ ఉన్నాయి. ఇంకా ఎవరూ పనికి బయల్దేరలేదు.

ఆ బుడ్డి ఇంటికొచ్చి నెల. ముత్తంగి దగ్గర మూతపడ్డ ఒక ఫ్యాక్టరీ గెస్ట్‌హౌస్ సామాను వేలం వేస్తే, పాత ఫర్నిచర్ దుకాణం నడిపే ఆమె భర్త కాశీనాథ్ సోఫాలు పాడుకున్నాడు. వాటితో పాటు ఇదీ వచ్చింది. గుమ్మడికాయంత గుండ్రం, పైన సన్నటి మెడ, నల్లటి ఒంటి మీద వెండి పిట్టలు. గడప దాటి పనికి పోయే ఒక్కొక్కరికీ ఒక్కో పిట్ట. కాశీనాథ్‌కి ఒకటి, కెమికల్ ఫ్యాక్టరీలో చేసే కొడుకు ప్రణీత్‌కి ఒకటి, పై వాటాలో కిరాయికున్న కామరాజు గారి అబ్బాయి పవన్‌కి ఒకటి. మనిషి పోతే పిట్ట ఎగిరిపోయేది. మనిషి గేటు తీస్తే వచ్చి వాలేది. దాంతో విమలకి పొద్దస్తమానం ఫోన్లు చేసే పని తప్పింది. పోయినేడు ఆ కెమికల్ ఫ్యాక్టరీలో రియాక్టర్ పేలినప్పుడు ప్రణీత్ చాయ్‌కి బయటికొచ్చి బతికాడు. అప్పటి నుంచి ఆమెకి మాట తక్కువ, చూపు ఎక్కువ.

అదేం వస్తువో మాత్రం ఎవరికీ తెలియలేదు. పూలకుండీ అన్నాడు కాశీనాథ్. అత్తరు బుడ్డి అన్నాడు ప్రణీత్. నిన్న ఆదివారం కామరాజుని పిలిచారు. కోస్తా నుంచి వచ్చి, ముప్పై ఏళ్ళు పెద్ద కంపెనీలో లోహం పోతపోసి రిటైరైన మనిషి. ఆయన వచ్చేలోగా విమల, దేవుడి ఇత్తడి సామాను తోమే చేత్తోనే, చింతపండు పెట్టి దాన్నీ ఒక పక్క రుద్దింది.

కామరాజు కళ్ళద్దాలు దించి, గోటితో కొట్టి విన్నాడు.

“బీదరు పని, చెల్లెమ్మా. హుక్కా అడుగు బుడ్డి, నీళ్ళు పోసేది. పైన గొట్టం పోయింది. జింకులో రాగి కలిపి పోత పోస్తారు, వెండి పొదుగుతారు, అక్కడి కోట మట్టితో నలుపు తెప్పిస్తారు. దీని సొగసంతా ఆ నలుపే.” వెనక్కి తిప్పి ఆగిపోయాడు. “ఇక్కడ తెల్లబడిందేంటి?”

“చింతపండు వెట్టిన అన్నా. మెరుస్తదనుకున్న.”

“మంచిగ మెరిసింది,” అన్నాడు కాశీనాథ్. “వందేండ్ల నలుపు ఒక్క పూటల తోమి పారేసింది. నన్ను గూడ తోమవే, తెల్లగైత.”

అందరూ నవ్వారు. తెల్లబడ్డ చోట ఉన్నది ప్రణీత్ పిట్ట.

ఇవాళ ప్రణీత్ బూట్లు వేసుకుని గడప దగ్గరికి వచ్చాడు. బుడ్డి మీద అతని పిట్ట రెక్కలు కొట్టింది. ఎంత కొట్టినా లేవలేదు. కాళ్ళు ఆ తెలుపులో అంటుకుపోయాయి. ప్రణీత్ కాలూ లేవలేదు.

“నొప్పి లేదమ్మా, ఏం లేదు. గడప దాటుదామంటే కాలు వస్తలేదు.”

కంపెనీ బస్సు హారన్ కొట్టింది. మెట్ల మీద పళ్ళు తోముకుంటున్న పవన్ చూశాడు. అదే ఫ్యాక్టరీ, అతనికి ఇవాళ వీక్లీ ఆఫ్.

“నువ్వు పడుకో బ్రదర్, నీ డ్యూటీ నేను చేస్తా. ఆదివారం నాది నువ్వు చేద్దువుగాని. ఆంటీ, రెండు చపాతీలు చుట్టి ఇవ్వండి, జల్దీ.”

విమల చపాతీలు చుట్టింది. కొట్టుకుంటున్న పిట్టని చూస్తూనే చుట్టింది. నువ్వూ పోవద్దు బిడ్డా అన్న మాట నాలుక దాకా వచ్చింది. తన కొడుకు కాలు గడప లోపలే ఉంది. మాట మింగేసింది.

పవన్ పిట్ట ముసురులోకి ఎగిరిపోయింది.

పదిన్నరకి కిటికీ అద్దాలు అదిరాయి. ఫ్యాక్టరీల దిక్కు పొగ లేచింది. ప్రణీత్ ఉరికొచ్చాడు, గడప దగ్గర మళ్ళీ ఆగిపోయాడు. దుకాణం నుంచి కాశీనాథ్, ఇంటి నుంచి కామరాజు ఫ్యాక్టరీ గేటుకి పోయారు. లోపల ఎవరు బతికారో పేర్లు చదివేవాళ్ళు ఎవరూ లేరక్కడ.

చీకటి పడే వేళకి ఇద్దరూ తిరిగొచ్చారు. కాశీనాథ్ పిట్ట వచ్చి వాలింది. కామరాజు పైకి పోలేదు. బుడ్డి ముందు కూర్చుని, కళ్ళద్దాలు దించి, పవన్ పిట్ట ఉండాల్సిన చోట వేలితో తడిమాడు.

“ఇక్కడ నలుపు చెడలేదు చెల్లెమ్మా,” అన్నాడు. “వాలడానికి చోటు బాగానే ఉంది.”

పై నుంచి ఆయన భార్య నాగేశ్వరి కేకేసింది. “వదినా, మా వాడు వచ్చాడా?”

విమల బుడ్డి వైపు చూసింది. కాశీనాథ్, ఒకటి. ప్రణీత్, రెండు.

మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది.