అమ్మ ఉన్న బొమ్మ

మా బావ బొమ్మలు వేయడం నేర్పే మనిషి. అక్క ఆయన దగ్గర నేర్చుకుని ఆయన్నే పెళ్ళి చేసుకుంది. నేనూ అమ్మా వాళ్ళతోనే ఉండేవాళ్ళం. ఆ ఇంట్లో ఒక చాదస్తం ఉండేది. అగ్గిపెట్టెంత బొమ్మలో నలుపూ బూడిదా తెలుపూ కుదిరితే గాని పెద్ద కాన్వాసు ముట్టకూడదు. ముక్కూ మూతీ అక్కర్లేదు. కళ్ళు చికిలించి చూస్తే ఏది చీకటో ఏది వెలుగో తేలుతుంది, అదే వేయాలి. అలవాటైపోయి మొగుడూ పెళ్ళాం అన్నం కంచాన్ని కూడా చికిలించే చూసేవాళ్ళు. మిమ్మల్నెవరో ఎండలో నిలబెట్టినట్టుందని నేను దెప్పేదాన్ని.

పెద్ద కాన్వాసు మీద అమ్మ మొహం వేయాలన్నది అక్కకు ఎన్నాళ్ళనుంచో ఉన్న కోరిక. అమ్మను కిటికీ పక్క కుర్చీలో, భుజాల మీద నల్ల శాలువాతో కూర్చోబెట్టింది. చిన్న బొమ్మలు గుట్టలు పడ్డాయి. రానురానూ వాటిలో గీతలు తగ్గిపోయాయి. బావ పొంగిపోయాడు. ఇన్నాళ్ళకు చెయ్యి తిరిగింది, అనవసరమైనది ఒక్కటీ లేదని నలుగురికీ చూపించాడు. నాకైతే అవి మసిగుడ్డల్లా ఉండేవి. ఆ మాటంటే నీకేం తెలుసు పొమ్మన్నారు.

ఒక ఉదయం స్టవ్ మీద పెట్టిన పాలు గుర్తొచ్చి, అమ్మ లేచి, శాలువా కుర్చీకి కప్పి లోపలికి వెళ్ళింది. అక్క చేతిలో బొగ్గుముక్క ఆగలేదు. కాసేపటికి కుర్చీ వైపు చూసి మెత్తగా అంది.

"కదలకమ్మా. అయిపోవచ్చింది."

వేళాకోళమనుకుని బావ నవ్వాడు. అంతలో వంటింట్లోంచి అమ్మ గొంతు వినబడింది. అక్క చెయ్యి కాగితం మీదే ఆగిపోయింది. చికిలించాను కదా అందుకే, అంది ఎవరూ అడక్కుండానే. నాకు ఒళ్ళు మండిపోయింది.

"కళ్ళు పూర్తిగా తెరిచి చూడవే."

"తెరిచే చూస్తున్నానే," అంది అక్క.

చూపు చాలాకాలంగా తగ్గుతోందన్నాడు కంటి డాక్టరు. పోయింది రాదు, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనన్నాడు. ముందే ఎందుకు రాలేదంటే ఏం చెబుతాం? కనబడకపోవడాన్ని మా ఇంట్లో పనితనం అనుకున్నాం. బావను కడిగేయాలన్నంత కోపం వచ్చింది. తీరా ఆయన ఆసుపత్రి మెట్ల మీద కూలబడి ఏడుస్తుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను.

ఇక ఆలస్యం చేయనంది అక్క. కాన్వాసు బిగించమని బావకు చెప్పి, చిన్న బొమ్మల కట్ట నా చేతికిచ్చింది.

"అమ్మ ఎన్నిసార్లు లేచి వెళ్ళిందో నాకు తెలీదు. వీటిలో ఉత్త శాలువా బొమ్మలు కూడా ఉండి ఉంటాయి. అమ్మ ఉన్నది ఏరి ఇవ్వవే. నీ కళ్ళు బాగున్నాయిగా."

ఒక్కొక్కటే చూశాను. తెల్లటి కిటికీ, దాని ముందు నల్లటి ముద్ద. చికిలించి చూశాను, కళ్ళు పెద్దవి చేసుకుని చూశాను. అన్నీ ఒకలాగే ఉన్నాయి. బావ వైపు చూస్తే ఆయన గోడ వైపు తిరిగిపోయాడు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

అమ్మ ఆ కట్ట నా చేతిలోంచి లాక్కుని, చూడకుండానే ఒకటి తీసి అక్క చేతిలో పెట్టింది.

"ఇదిగో, ఇది నేనే. వెయ్యి."

శాలువా కప్పుకుని వెళ్ళి కుర్చీలో కూర్చుంది. అక్క కాన్వాసు మీద మొదటి నలుపు పెట్టింది. ఈసారి కదలకమ్మా అనలేదు.

కాసేపటికి వంటింట్లోంచి పాలు మాడుతున్న వాసన వచ్చింది. అమ్మ లేవలేదు.