బోరు ఊరేదాకా

పొద్దు పొడవగానే మేలుకోవాలి. సోలార్ పలకల మీద ఎండ ఎంత పడుతోందో చూడాలి. వోల్టేజీని కాస్త పెంచి, కాస్త తగ్గించి, ఎక్కడ ఎక్కువ శక్తి దొరుకుతుందో వెతకాలి. ఆ కరెంటును మోటారుకు పనికొచ్చేలా మార్చాలి. మబ్బు అడ్డొస్తే మోటారు వేగం తగ్గించాలి, తొలగితే పెంచాలి. బోరులో నీళ్ళు అడుగంటితే మోటారు కాలకముందే ఆపాలి. నా ఒంటి వేడి నేనే చూసుకోవాలి. పదకొండేళ్ళు ఇవే పనులు. ఆదివారం లేదు, పండగ లేదు.

నేను ఒక సోలార్ పంపు కంట్రోలర్‌ని. మా వంశంలో చదువుకున్నది నేనే. నాకు ముందున్న స్టార్టరు డబ్బాలకు ఆన్, ఆఫ్ తప్ప మూడో మాట రాదు. నాలో చిన్న చిప్పు పెట్టి, ఆలోచించడం నేర్పి పంపారు. అందరూ గౌరవిస్తారనుకున్నాను. అనంతపురం దగ్గర చౌడప్ప చీనీతోటలో, అంటే బత్తాయి తోటలో, పాతిన రాతి కూసానికి బిగించాక తెలిసింది, చదువుకున్నవాడికి పనీ ఎక్కువే, తిట్లూ ఎక్కువేనని.

తోటలో తొంభై చెట్లు. చెట్లకు అది ఐదో ఏడు, తొలికాపు. చౌడప్ప, అతని భార్య వన్నూరమ్మ ఐదేళ్ళ కష్టం అంతా ఆ పిందెల్లోనే ఉంది. ఆ మే నెలలో బోరు సన్నగిల్లింది. ఇరవై నిమిషాలు తోడితే అడుగు తేలేది. నేను ఆగి, అరగంట ఊరనిచ్చి, మళ్ళీ మొదలుపెట్టేవాణ్ణి. మోటారు కాలితే పైకి లాగి, వైండింగు చేయించి, దింపేసరికి వారం. ఆ ఎండల్లో వారమంటే చెట్లు కట్టెలే.

చౌడప్పకు నేను ఆగడం కనిపించింది గాని, ఎందుకన్నది కనిపించలేదు. వేడికేమో అనుకుని, నీళ్ళకుండకు చుట్టినట్టు నాకు తడి గోనెసంచి చుట్టాడు. ప్రేమతోనే. గాలి ఆడక అప్పుడు నిజంగానే వేడెక్కాను. మరింత ఎక్కువగా ఆగాను. దాంతో మెకానిక్ ఖలందర్‌ను పిలిపించాడు.

"నీళ్ళు చూసే తీగ ఇదే చిన్నాయనా. రెండు కొసలూ కలిపేస్తే ఇంక నిలిచేదే ల్యా" అన్నాడు ఖలందర్.

"కలిపేయప్పా. దీని సదువు మండ! గంటకోతూరి కూలబడతాండాది."

కలిపితే బోరు ఎండిన సంగతి నాకు తెలియదు. సాయంత్రానికి మోటారు బూడిదవుతుంది. వద్దని చెప్పడానికి నేను చేయగలిగింది ఎర్రదీపం వెలిగించడం ఒక్కటే. వెలిగించాను.

రోజూ పొద్దున్నే పాత చీరముక్కతో పలకల దుమ్ము తుడిచేది వన్నూరమ్మ. ఆ గుడ్డతోనే వచ్చి నా మీద చెయ్యి పెట్టింది.

"ఒళ్ళు కాలిపోతాంటే దుప్పటి కప్పినట్టుండాది గదా!" అని సంచి లాగి పారేసింది. "తీగ జోలికి పోవద్దు ఖలందరూ. అది నిలిచే ముందు చూస్తాండా, పైపులో గాలే వస్తాది. బోరు ఊరాల. ఆవు గూడా దూడ కుడిచి చేపినాకే గదా పాలిచ్చేది?"

"ఓహో, ఇంజనీరమ్మ వచ్చె" అన్నాడు చౌడప్ప.

"ఇంజనీరమ్మనే అనుకో. రేపొక్క పొద్దు నాకిడువు. సగం తోటన్నా తడవకపోతే ఎల్లుండి నీ ఇష్టం."

మర్నాడు నేను నడిచిన ప్రతిసారీ నాలుగైదు పాదులు తడిపింది. ఆగగానే కూర్చునేది, పచ్చదీపం వెలగగానే లేచేది. సాయంత్రానికి సగం తోట తడిసింది. రెండోరోజు చౌడప్ప కూడా పార తీసుకుని ఆమె వెనకే నడిచాడు. ఎండలో ఎంత దొరికితే అంత వెతికి తీసుకోవడం నా చదువు. బడి మొహం చూడని ఆమె నేల అడుగు నీళ్ళతో అదే చేసింది. వాన పడేదాకా నలభై రోజులు. ఏడు చెట్లు పోయాయి. మిగిలినవి కాశాయి.

కాపు చూడటానికి ఉద్యానశాఖ ఆఫీసర్లు వచ్చారు. చౌడప్ప నా మీద చెయ్యేసి ఫోటో దిగాడు. తెలివైన యంత్రమని నన్ను మెచ్చుకున్నారు. వన్నూరమ్మ పలకలు ఇంకోసారి తుడిచి, సిగ్గుపడి వాటి వెనక్కి పోయింది. ఫోటోలో ఆమె పాదాలు మాత్రం పడ్డాయి.

పోయిన ఏడు పిడుగు దెబ్బకు నా పని అయిపోయింది. ఇప్పుడు ఖలందర్ కొట్టులో ఓ మూల ఉన్నాను. నా ఫ్యాను వేరే డబ్బాలో తిరుగుతోంది. అలసట తీరిందా అంటే, లేదు. ఊరికే పడి ఉండటం కూడా అలసటే.

మీరెప్పుడైనా చీనీకాయ ఒలిస్తే నన్ను తలచుకోకపోయినా పరవాలేదు. ఆగిపోయినదాన్ని తిట్టకుండా, ఎందుకు ఆగిందో చూసిన వన్నూరమ్మను ఒక్కసారి తలచుకోండి. ఫోటోలో ఆమె ముఖం లేదు.