గొంతు విప్పని ఆదివారం

మా ఆవిడ గొంతు పోయింది. పోదా మరి? ఆదివారం చర్చిలో రెండు ఆరాధనలు, మధ్యలో పిల్లలకు పాటలు, వారమంతా ఎవరింట్లో ప్రార్థన జరిగినా అక్కడ ఈవిడే. మా సంఘంలో పాటల పుస్తకం తెరిచే అలవాటు ఎవరికీ లేదు. ఆవిడ ఒక్కో లైనూ ముందు పాడి అందిస్తుంది, జనం అందుకుంటారు. అందించేవాళ్లు లేకపోతే ఒక్కరికీ నోరు పెగలదు.

డాక్టరమ్మ గొంతులోకి అద్దం పెట్టి చూసి ఖరాఖండిగా చెప్పింది.

"నెల్లాళ్లు మాట కూడా వద్దు. పాడారో, ఉన్న గొంతు కూడా శాశ్వతంగా పోతుంది."

బయటికి రాగానే మా ఆవిడ బొంగురుగా, "ఈ ఆదివారం ఒక్కటీ పాడేసి ఆపుతానండీ," అంది.

నాకు ఒళ్లు మండింది. "లేత్ మిషన్ మీద పనిచేసేవాణ్ణి, ఇనుముకైనా చల్లారే టైమిస్తాను. నీకా మాత్రం అక్కర్లేదా?"

"దేవుడిచ్చిన గొంతు. ఆయన పనిలో పోతే పోనివ్వండి."

"ఆయన పాడమని ఇచ్చాడు, పారేసుకోమని కాదు. ప్రభువే అలిసిపోయి పడవలో తల వాల్చి నిద్రపోయాడే! నువ్వు ఆయన్ని మించిన పనిమంతురాలివా?"

మూతి ముడుచుకుంది. ముడుచుకుంటే ముడుచుకుంది, మూసుకుని ఉంటే చాలనుకున్నాను.

ఆదివారం పాస్టరుగారు పాట చెప్పగానే అందరి తలలూ మా వరుసవైపు తిరిగాయి. మా ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎవరో దగ్గారు. చివరికి వెనక బెంచీలోంచి బట్టలు కుట్టే పెద్దమ్మ ధైర్యం చేసి ఎత్తుకుంది. ఎత్తుకోవడం మరీ ఆకాశంలో ఎత్తుకుంది! రెండో లైనుకే ఆమెకు ఊపిరాడలేదు. పాట తెగిపోయింది.

మా ఆవిడ లేచి నిలబడింది. గొంతు సవరించుకోబోయింది. ఒక్క లైను పాడిందా, ఆ గొంతు ఈ జన్మకిక లేనట్టే. చెయ్యి పట్టి లాగితే ఆగే మనిషి కాదు. ఏం చెయ్యాలో తోచక నేనే ఎత్తుకున్నాను.

నా పాట గురించి చెప్పాలంటే, పెళ్లయిన కొత్తలోనే మా ఆవిడ వద్దని దండం పెట్టేసింది. అయినా సరే, బాగా కింది శ్రుతిలో గట్టిగా లాగాను. పక్కాయన కిసుక్కున నవ్వి, నవ్వుతూనే అందుకున్నాడు. తర్వాత పెద్దమ్మ. ఆ తర్వాత వెనక బెంచీలన్నీ. శ్రుతి ఎటో, తాళం ఎటో! కానీ ఎవరూ అందించకుండానే చరణం వెంట చరణం వచ్చేస్తోంది. ఇన్నేళ్లూ ఆవిడ పాడించిందంతా వాళ్ల నోళ్లలోనే ఉందన్నమాట. ఆఖరి చరణానికి కిటికీ అద్దాలు అదిరాయి. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాను.

మా ఆవిడ ఎప్పుడు కూర్చుందో చూడనేలేదు. కళ్లు మూసుకుని వింటోంది.

నెల తిరిగాక డాక్టరమ్మ చూసి, గొంతు బాగుపడిందని, ఇక పాడుకోవచ్చని చెప్పింది. ఆ ఆదివారం పాస్టరుగారు సంబరంగా మా వరుసవైపు చెయ్యి చాపారు. సంఘమంతా చెవులు రిక్కించింది. మా ఆవిడ లేచి నిలబడి, నిండు గొంతుతో అంది:

"మొదటి పాట మీరే ఎత్తుకోండి. అది విన్నాక రెండోది నేను పాడతాను."