అల్లుడు అలిగి ఉరికిండు

మెర్సీ చేతుల మీద గోరింటాకు ఇంకా పోలేదు. మొగుడనే మనిషి ఇంట్లో తిరుగుతుంటే ఇంత బాగుంటుందని ఆమెకు ఎవరూ ముందుగా చెప్పలేదు. అతను పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడతాడు. కుర్చీ ఎదురుగా ఉన్నా కూర్చోడు, గోడకు అరికాలు ఆనించి వంగుతాడు. ఫోన్లో మాట్లాడుతూ మాట్లాడుతూ గంపలోంచి జారిన ఉల్లిగడ్డను పాదంతో పైకి లేపి, మోకాలి మీద ఆడిస్తాడు, కింద పడనివ్వడు. ఆ ఉల్లిగడ్డ వేసిన కూర మెర్సీ నాలుకకు వేరే రుచిగా తగిలేది.

అతని పేరు నవీన్‌కుమార్. ఫుట్‌బాల్ ఆడతాడు. సరదాకు కాదు, అదే బతుకుతెరువు. నందికొండ హిల్ కాలనీలో, డ్యాము ఉద్యోగుల క్వార్టర్ల వెనక గులకరాళ్ల మైదానంలో మొదలుపెట్టాడు. అక్కడ పడితే మోకాలి చిప్ప దక్కదు కాబట్టి ముందు పడకుండా ఉండడం నేర్చుకుని, తర్వాత ఆట నేర్చుకున్నాడు. సంతోష్ ట్రోఫీలో తెలంగాణకు ఆడాడు. కలకత్తా లీగులో వానాకాలం బురదలో ఆడాడు. అక్కడ గోల్‌లోకి బంతుల కంటే కప్పలే ఎక్కువ వెళ్లేవని చెబుతాడు. ఆ తర్వాత ఐ-లీగ్ రెండో డివిజన్లో ఒక క్లబ్బుకు ఎడమ పక్క డిఫెండరు. ఇన్నేళ్లలో కొట్టిన గోల్స్ మూడు. అందులో ఒకటి పొరపాటున సొంత గోల్‌లోకే పోయింది. మెర్సీ మాత్రం మూడింటినీ లెక్కలోకే తీసుకుంటుంది.

పెళ్లిచూపుల్లో మెర్సీ తండ్రి ఏసోబు, అబ్బాయి ఏం చేస్తాడని అడిగాడు. ఫుట్‌బాల్ అన్నారు. అది సరే, పనేం చేస్తాడని మళ్లీ అడిగాడు. మళ్లీ ఫుట్‌బాలే అన్నారు. మూడోసారి అడగబోతుంటే మెర్సీ తలుపు వెనక నుంచి దగ్గింది. ఆమె నల్లగొండలో డిగ్రీ చదివింది, భూగోళశాస్త్రం. శ్రీనగర్, ఐజ్వాల్, ఇంఫాల్ ఆమెకు పరీక్ష పేపర్లో చుక్కలు పెట్టిన ఊళ్లు. ఆ చుక్కల మీద నిజంగా కాళ్లు పెట్టి పరుగెత్తి వచ్చిన మనిషి బయట కూర్చుని మిక్చర్ తింటున్నాడు. ఇంక ఆలోచించడానికి ఆమెకు ఏమీ కనిపించలేదు.

పదహారు రోజుల పండుగకు ఇద్దరూ చౌటుప్పల్ పక్కనున్న మెర్సీ పుట్టింటికి వచ్చారు. అసలు చిక్కు అక్కడే మొదలైంది.

నవీన్ పాత క్లబ్బుతో ఒప్పందం వేసవిలోనే అయిపోయింది. హైదరాబాదులో ఒక కొత్త క్లబ్బు ఐ-లీగ్‌కు జట్టు కడుతోంది. అతని ఆట వాళ్లకు నచ్చింది, వయసే నచ్చలేదు. శనివారం పరుగు పరీక్ష ఉంది, అందులో నెగ్గితేనే తీసుకుంటామన్నారు. నెగ్గకపోతే ఈ వయసులో ఇంకో క్లబ్బు పిలవదు, ఆట అక్కడితో సరి. ఈ సంగతి మొత్తం ప్రపంచంలో ఇద్దరికే తెలుసు, ఆ ఇద్దరూ ఒకే దుప్పట్లో ఉన్నారు. అల్లుడికి ప్రస్తుతం నౌకరీ లేదని మామకు తెలిస్తే బాగుండదని నవీన్ ఒట్టు వేయించుకున్నాడు. మెర్సీ సంతోషంగా వేసింది. పెళ్లయ్యాక అతను దాచమన్న మొదటి రహస్యం మరి.

పరీక్ష ఉన్నవాడు ఒళ్లు తేలిగ్గా ఉంచుకోవాలి. కొత్త అల్లుడు మాత్రం తినాలి. పాలోళ్లలో, అంటే దాయాదుల్లో, ప్రతి ఇంటివాళ్లూ పిలిచి దావత్ పెడతారు. పొద్దున పెద్దనాయిన ఇంట్లో బగారన్నం, నాటుకోడి. మధ్యాహ్నం చిన్నాయిన ఇంట్లో బోటి కూర. సాయంత్రం పక్కింటివాళ్లు ఊరికే పిలిచి గారెలు, తలకాయ కూర. వద్దంటే ఆ ఇంటిని కాదన్నట్టు. నవీన్ రెండు ముద్దలు తిని చెయ్యి ఆపేవాడు. మంచినీళ్లు అడిగేవాడు. పెరట్లోకి పోయి గోడకు కాలు ఆనించి వంగేవాడు. ఒక మధ్యాహ్నం బకెట్లో ఐసు గడ్డలు వేసుకుని అందులో పాదాలు పెట్టి గంభీరంగా కూర్చున్నాడు.

ఇదంతా గమనిస్తున్నవాడు మెర్సీ మేనమామ పరశురాం. ఆ ఊళ్లో అలకల విషయంలో ఆయన మాటకు తిరుగులేదు. కొత్త అల్లుడు అత్తగారింట్లో ఒకసారి అలగాలి, వాళ్లు బతిమాలాలి, ఏదో ఒకటి చేతిలో పెట్టి నవ్వించాలి. అది ఆనవాయితీ. పరశురాం తన పెళ్లప్పుడు నీళ్ల ట్యాంకు ఎక్కి అలిగి మోపెడ్ సాధించుకున్నాడు. మోపెడ్ ఎప్పుడో పాతసామాన్లకు పోయినా ఆ పేరు మాత్రం నిలిచింది.

ఆయన అక్కాబావలను పిలిచి తీర్పు చెప్పాడు. "పిలగాడు అలిగిండు. తింటలేడు, గోడను తంతున్నడు, కాళ్లు ఐసుల పెట్టుకున్నడు. నేను గూడ గంత లోతుగ అలగలే."

ముందుగా చేతి గడియారం ఇచ్చి చూశారు. నవీన్ థాంక్స్ చెప్పి, పెట్టుకుని, మళ్లీ రెండు ముద్దలే తిన్నాడు. దాంతో అలక పెద్దదేనని ఖాయమైంది. మెర్సీ అమ్మమ్మ బాలనర్సమ్మ ఆలోచించి, తన గొర్రెల మందలో బాగా బలిసిన పొట్టేలును అల్లుడికి ఇచ్చేయమంది. పొద్దున్నే ఇద్దామనుకున్నారు. మెర్సీ ఇదంతా విని కడుపులో నవ్వును బలవంతంగా తొక్కిపెట్టింది. ఒట్టు వేసింది కదా.

తెల్లారకముందే నవీన్ నిక్కరు తొడుక్కుని, బూట్లు కట్టుకుని చప్పుడు లేకుండా బయటపడ్డాడు. ఊరి బయట ఒక రియల్ ఎస్టేట్ వెంచర్ ఉంది. పెద్ద కమాను, తారురోడ్లు, తెల్ల రాళ్లు. ఇళ్లు మాత్రం ఒక్కటీ లేవు. పరుగుకు అంతకంటే మంచి జాగా దొరకదు. కానీ అక్కడికి పోవాలంటే హైవే పక్కనే కొంత దూరం వెళ్లాలి. సరిగ్గా అప్పుడే మందుల ఫ్యాక్టరీ మొదటి షిఫ్టు బస్సు అటు పోతోంది. బస్సులో సగం మంది ఆ ఊరివాళ్లే. ఏసోబు ఇంటి కొత్త అల్లుడు తెల్లవారుజామున నిక్కరు మీద హైదరాబాదు దిక్కుకు ఉరుకుతుంటే వాళ్లు కిటికీల్లోంచి చూశారు. చూసిన ప్రతివాళ్లూ ఫోన్ చేశారు.

ఏసోబు ఇంట్లో ఒకేసారి అన్ని ఫోన్లూ మోగాయి. అల్లుడు అలిగి ఉరికిండు, అదే మాట అందరిదీ. తల్లి కొంగు నోట్లో కుక్కుకుంది. ఏసోబు చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు. పరశురాం ఒక్కడే నిబ్బరంగా ఉన్నాడు. పొట్టేలును పట్టి తన బండి ముందు పెట్రోలు ట్యాంకు మీద అడ్డంగా వేసుకున్నాడు. మెర్సీ ఉరికివచ్చి వెనక కూర్చుంది. ఏసోబు ఇంకో బండి మీద, బాలనర్సమ్మ ఆటోలో బయలుదేరారు. దారిలో పాలవాళ్లు ఇద్దరు, సంగతేందో తెలియకుండానే, వెంట పడ్డారు.

కమాను దాటగానే నవీన్ కనిపించాడు. దూరంగా, తెల్ల రాళ్ల మధ్య, పొందికగా, తన పాటికి తాను పరుగెత్తుతున్నాడు. పరశురాం గట్టిగా హారన్ కొట్టాడు. నవీన్ వెనక్కి తిరిగి చూశాడు. అతనికి కనిపించింది ఇది: అత్తగారింటి బలగం మొత్తం, ముందు బండి మీద పొట్టేలు. పొద్దున్నే కోసి పొద్దున్నే వండి పొద్దున్నే తినిపించడానికి వస్తున్నారని అతనికి అర్థమైంది. మనిషి వేగం పుంజుకున్నాడు.

"చూసినవా," అన్నాడు పరశురాం. "పొట్టేలు గూడ సాలదంటున్నడు."

మెర్సీ నోరు తెరిచింది. మామా ఆపు, ఆయన అలగలేదు అంటే చాలు, అక్కడితో అయిపోతుంది. కానీ ఆమె చూపు బండి మీటరు మీద పడింది. తర్వాత నవీన్ కాళ్ల మీద పడింది. వారం రోజులుగా పాదాలు బరువెక్కాయని, శనివారం దాకా అవి తేలికపడవని దిగులుపడుతున్న మనిషి ఇప్పుడు నేల మీద ఆనడం లేదు. ప్లాట్ల మలుపులో చెమట మెరుస్తూ ఒక్క క్షణం ఆమె వైపు చూశాడు. ఎంత అందంగా ఉన్నాడో. ఆమె నోరు మూసుకుంది. మళ్లీ తెరిచి, మామ చెవిలో అంది.

"మామా, జర జల్ది పోనియ్యి. గట్లనే, ఎనకనే ఉండు, ముందటికి పోకు."

వెంచర్ చుట్టూ తిరిగారు. మళ్లీ తిరిగారు. పొట్టేలు అరవడం మాని గాలికి కళ్లు మూసుకుంది. పాలవాళ్లలో ఒకడికి పెట్రోలు అయిపోయింది. వాచ్‌మన్ భిక్షం కర్ర పట్టుకుని దొంగను పట్టుకోవడానికి ఎదురొచ్చి, ఇంతమంది వెంట పడుతున్నది ఒక్క నిక్కరు మనిషినని చూసి, పాపం అనిపించి తనే పక్కకు తప్పుకుని దారిచ్చాడు. చివరకు నవీన్ కమాను కింద పడుకుని ఆకాశం చూస్తూ గసపోశాడు. బలగమంతా చుట్టూ మూగింది. పరశురాం పొట్టేలు తాడును అతని చేతిలో పెట్టాడు.

"అల్లుడా, ఇగ చాలు. ఏం గావాల్నో నోరిడిసి చెప్పు. ఇంటికి పోదాం."

నవీన్ తాడు వంక, పొట్టేలు వంక, మెర్సీ వంక చూశాడు. మెర్సీ తల ఊపింది. ఒట్టు వేయించుకున్నది ఆయనే కాబట్టి విప్పాల్సింది కూడా ఆయనే.

"నాకేం వద్దు మామా," అన్నాడు ఏసోబుతో. "శనివారం దాక జర తక్కువ తిననియ్యిండ్రి. ఉరుకనియ్యిండ్రి. ఆ రోజు పరుగు పరీక్ష ఉన్నది. అండ్ల పాసైతేనే నాకు నౌకరి. ఇప్పుడైతే లేదు."

ఏసోబు తిరగేసిన చొక్కా గుండీల కోసం తడుముకున్నాడు, అవి లోపల ఉన్నాయి. మెర్సీ తండ్రి ముఖం వంకే చూసింది. అల్లుడు పనిలేనివాడని తండ్రి ఇప్పుడు ఏమంటాడో, తల్లి ఏమని ఏడుస్తుందో. ముందుగా తేరుకున్నది బాలనర్సమ్మ. ఆటోలోంచి దిగకుండానే అడిగింది.

"అంటే అలగనేలేదా బిడ్డా?"

"లేదవ్వా."

"బండ్లు ఎంటపడ్డా దొరకనోనికి నౌకరి ఇయ్యకపోతే ఇంకెవలకిస్తరు," అని ఆమె ఏసోబు వైపు తిరిగింది. "నువ్వు రేషన్ దుకాణం దాక నడిస్తే ఆయాసపడ్తవ్."

ఏసోబుకు నవ్వు ఆగలేదు. పరశురామే కొంచెం కుంగిపోయాడు. అలగకుండా ఒక మనిషి ఇంత దూరం ఎందుకు పరుగెత్తుతాడో ఆయనకు ఎంతకీ అంతుబట్టలేదు. కానీ ఊరికే కూర్చునే మనిషి కాదు. మర్నాటి నుంచి తెల్లవారగానే బండి తీసి ఇంటి ముందు హారన్ కొట్టేవాడు. నవీన్ పరుగెత్తేవాడు, పరశురాం తరిమేవాడు. మెర్సీ వెనక కూర్చుని ఫోన్లో టైము చూస్తూ, జుట్టు గాలికి ఎగురుతుంటే, పెళ్లంటే ఇదేనన్నమాట అనుకునేది. దావత్‌లు మాత్రం ఆగలేదు. పిలిచిన ఇంటికల్లా నవీన్ వెళ్లేవాడు, రెండు ముద్దలు తినేవాడు. మిగిలింది పరశురాం తినేవాడు. తరమడం కష్టమైన పని అనేవాడు.

శనివారం హైదరాబాదుకు ముగ్గురూ వెళ్లారు. మైదానంలో రెండు గీతలు గీశారు. స్పీకరులో కూత వినబడగానే ఒక గీత నుంచి ఇంకో గీతకు చేరాలి. మళ్లీ కూత, మళ్లీ వెనక్కి. పోను పోను కూతలు దగ్గరపడతాయి. రెండుసార్లు ఆలస్యమైతే బయటికి. పదిహేనో మెట్టు దాటితే పాసు. నవీన్ పక్కన నిలబడ్డవాళ్లంతా మీసాలు సరిగా రాని పిల్లలు. మెర్సీ కంచెను వేళ్లతో పట్టుకుని నిలబడింది.

మొదట్లో అందరూ నవ్వుకుంటూ పరుగెత్తారు. తర్వాత నవ్వడం మానేశారు. తర్వాత ఒక్కొక్కరే నడుము మీద చేతులు పెట్టుకుని పక్కకు వచ్చేశారు. పద్నాలుగో మెట్టులో నవీన్ ఒకసారి గీతకు ఆలస్యంగా చేరాడు. కోచ్ శ్రీశైలం వేలు ఎత్తాడు. ఇంకొక్కసారి తప్పితే అంతే. మెర్సీకి కంచె తీగ వేళ్లలోకి దిగింది, తెలియలేదు. పక్కన పరశురాం ఊపిరి తీయడం కూడా మరిచిపోయి నిలబడ్డాడు. ఇక్కడ తరమడానికి బండి లేదు, పొట్టేలు లేదు. ఉన్నది నవీన్ ఒక్కడే, ఎర్రబడ్డ ముఖంతో, తన గులకరాళ్ల కాళ్లతో. కూత కూసే లోపల గీత, మళ్లీ కూత, మళ్లీ గీత. పదిహేను. దాని మీద ఇంకొకటి. ఆ తర్వాత కాళ్లు వాటంతట అవే మడతపడి అతన్ని కూర్చోబెట్టాయి.

శ్రీశైలం వచ్చి అతని తల నిమిరి, కాగితాల పనికి సోమవారం రమ్మన్నాడు. మొదటి మ్యాచు శ్రీనగర్‌లో, ఆ తర్వాతది ఐజ్వాల్‌లో అన్నాడు. మెర్సీ కంచె అవతలే గంతేసింది. ఆమె మ్యాపులో చుక్కలు రెండు ఒకేసారి వెలిగాయి. భార్యలు కూడా రావచ్చా అని అడగబోయి, మరీ కొత్త పెళ్లికూతురిలా ఉంటుందని ఆగి, మళ్లీ తను కొత్త పెళ్లికూతురే కదా అని గుర్తొచ్చి అడిగేసింది. కోచ్ తల గోక్కుని, టికెట్ మీరే కొనుక్కుంటే విమానం ఎవరినీ దింపదమ్మా అన్నాడు.

పరశురాం మధ్యలో జొరబడ్డాడు. ఇంటికి పోయి ఏం చెప్పాలో ఆయనకు తెలియాలి.

"సారూ, గీ నౌకరి పర్మినెంటేనా?"

"ఒక సీజన్‌కు కాకా."

"ఏ సీజన్? వానకాలం పంటకా, యాసంగికా?"

కోచ్ కాసేపు ఆలోచించాడు. ఐ-లీగ్ చలికాలం ముందు మొదలై ఎండాకాలం దాకా పోతుంది, దానికి ముందు వానల్లో తయారీ ఉంటుంది. "రెండిటికీ," అన్నాడు.

పరశురాం అక్కడే ఫోన్ తీసి బావకు చేశాడు. అల్లునికి రెండు పంటల నౌకరి దొరికిందని, ఈ కాలంలో రెండు పంటలు ఎవరికి దొరుకుతున్నాయని, ఇగ ఫికర్ పడొద్దని గట్టిగా చెప్పాడు. కంచె పక్కకు చేరి గడ్డి మీద వెల్లకిలా పడి ఉన్న నవీన్ అది విని నవ్వాలనుకున్నాడు కానీ ఊపిరి చాలలేదు. మెర్సీ కంచె సందులోంచి చెయ్యి పెట్టి, చెమటతో తడిసిన అతని జుట్టు అందినంత మేర సవరించింది.