అమ్మ పెట్టిన టిక్కు

రొట్టెల బట్టీలో పనిచేసేవాడికి నిద్ర మీద ఉండే ఆశ మరి దేనిమీదా ఉండదు. తెల్లవారుజామున మూడింటికి పిండి కలపడం మొదలుపెడితే పొద్దున పదకొండింటికి నా పని తెమిలేది. ఇంటికొచ్చి, నాలుగు ముద్దలు మింగి పడుకుంటే సాయంత్రం నాలుగింటిదాకా నేను మనిషిని కాను, దుంగని. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. నన్ను నేను వెనకేసుకు రావడానికి ఈ మాట అనడం లేదు. జరిగింది చెప్పాలంటే ముందు ఆ నిద్ర సంగతి చెప్పక తప్పదు.

మా అమ్మాయి పుట్టిన కొత్తలో దాన్ని ఉడత అని పిలిచేవాళ్ళం. వెల్లకిలా పడుకోబెడితే పది నిమిషాలకోసారి ఉలిక్కిపడి, రెండు చేతులూ గాల్లోకి విసిరి, ఇల్లెగిరిపోయేలా ఏడ్చేది. ఆసుపత్రి నుంచి పంపే రోజున డాక్టరమ్మ మా ముగ్గురినీ, అంటే నన్నూ నా భార్యనీ మా అమ్మనీ, ఎదురుగా కూచోబెట్టుకుని చెప్పింది. "నిద్రపుచ్చేటప్పుడు ఎప్పుడూ వెల్లకిలానే. పక్కలో దిండు వద్దు, దుప్పటి వద్దు, బొమ్మలు వద్దు. బోర్లా పడుకుంటే పసివాళ్ళకి ఊపిరాడకపోవచ్చు." నా భార్య ఆ ముక్కలన్నీ కాగితం మీద రాసుకుంది.

దారిలో మా అమ్మ ఊరుకోలేదు. "మా ఇద్దరు పిల్లల్నీ బోర్లా పడుకోబెట్టే పెంచాను. తల గుండ్రంగా వస్తుంది. కావాలంటే వీడి తల చూడు, బంతిలా లేదూ?" అంటూ నా తల నిమిరి చూపించింది.

"తల గుండ్రంగానే ఉందత్తయ్యా. లోపల ఏముందన్నదే అనుమానం," అంది నా భార్య. ముగ్గురం నవ్వుకున్నాం. ఆ నవ్వు నాకిప్పటికీ జ్ఞాపకం.

మూడో నెలకి ఉడత తల వెనక చపటగా కనిపించడం మొదలైంది. పగలు కాసేపు బోర్లా పడుకోబెడదామని నేనన్నాను. పిల్ల కంటినిండా నిద్రపోతుంది, తలా బాగుపడుతుంది, ఎదురుగా మనుషులం ఉంటాం కదా అని వాదించాను. నా నిద్ర సంగతి మాత్రం ఎత్తలేదు. నా భార్య డాక్టరమ్మని అడిగొచ్చింది. మెలకువగా ఉన్నప్పుడు దగ్గర కూచుని బోర్లా ఆడించమందట, తల తర్వాత దానంతటదే సర్దుకుంటుందట, నిద్ర మాత్రం వెల్లకిలానేనట.

"తల చపటైతే జుట్టు పెంచి దాస్తాం. ఊపిరికి ఏదైనా అయితే ఏం పెట్టి దాస్తామండీ?" అంది.

అందరికంటే ముందు ఒప్పుకుంది మా అమ్మ. "డాక్టరు చెప్పినట్టే చేద్దాంలే అమ్మాయ్. మా రోజుల్లో చెప్పేవాళ్ళు లేరు, మేం చేసుకుంటూ పోయాం," అంది. నేను ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాను.

నా భార్య మందులు ప్యాక్ చేసే చోట తనిఖీ పని చేసేది. సీసా మూత బిగిసిందా, చీటీ సరిగా అంటిందా, తేదీ పడిందా, ఒక్కోటీ చూసి కాగితం మీద టిక్కు పెట్టాలి. చూడకుండా టిక్కు పెట్టడం వాళ్ళ దృష్టిలో దొంగతనం కన్నా పెద్ద తప్పు. సెలవు అయిపోయి మళ్ళీ పనికి వెళ్తూ, ఇంట్లో కూడా అలాంటి కాగితమే గోడకి అంటించింది. పాలు పట్టిన వేళ, పడుకోబెట్టిన వేళ, పక్కన 'వెల్లకిలా' అని ఒక గడి. పడుకోబెట్టిన మనిషి అక్కడ టిక్కు పెట్టాలి. దారం కట్టిన పెన్ను పక్కనే వేలాడుతుండేది.

"తాతకు దగ్గులు నేర్పుతున్నట్టుంది," అంది మా అమ్మ మొదటి రోజు. అంటూనే పెన్ను తీసుకుంది. ఆవిడకి చదువు అంతంత మాత్రం. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, కూరగాయలు తరిగినంత శ్రద్ధగా, టిక్కు గీసేది. పొట్టి గీత ఎడమవైపు రావాల్సింది కుడివైపు వచ్చేది. నా భార్య చూసి నవ్వేది గానీ దిద్దేది కాదు. ఎటు తిరిగితేనేం, అత్తయ్య చూసి పెట్టిందే కదా అనేది.

మధ్యాహ్నం పన్నెండున్నరకి అమ్మ ఉడతని వెల్లకిలా పడుకోబెట్టి, టిక్కు పెట్టి, బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్ళేది. అరగంట పని. ఆ అరగంటలోనే పిల్ల ఉలిక్కిపడేది, సరిగ్గా నాకు కన్ను మూతపడే వేళకి. ఒకటి రెండు రోజులు ఎత్తుకు తిప్పాను. మూడో రోజు మెల్లగా బోర్లా తిప్పాను. పిండిముద్దలు తిప్పే చేతులు కదా, పిల్లకి తెలియనే లేదు. మడిచిన గుడ్డలా పడి హాయిగా నిద్రపోయింది. మెట్ల మీద అమ్మ చెప్పుల చప్పుడు వినగానే మళ్ళీ వెల్లకిలా తిప్పేశాను. అది నాకు ఎంత తెలివైన పనిలా అనిపించిందో చెప్పలేను.

అయిదో రోజున అమ్మ ఉత్తికాళ్ళతో దిగింది. నా చేతులు పిల్ల కింద ఉండగానే చూసింది.

"ఒరేయ్, వద్దురా."

"మమ్మల్నిలాగే పెంచావుగా?"

"అప్పుడు తెలీదు. ఇప్పుడు తెలిసింది. నీ పెళ్ళానికి మాటిచ్చాను రా. ఏడిస్తే నన్ను పిలువు, బట్టలెక్కడికీ పోవు."

సరేనన్నాను. మర్నాడు మళ్ళీ తిప్పాను.

వారం తర్వాత నా భార్య పనిచేసే చోట కరెంటు పోయి మధ్యాహ్నం పన్నెండున్నరకే అందరినీ ఇంటికి పంపేశారు. ఆమె తలుపు తీసుకుని లోపలికొచ్చేసరికి నేను చాప మీద గురక పెడుతున్నాను. మెట్ల చప్పుడు కోసం చెవి ఒగ్గి పడుకున్నవాడిని, అలాగే నిద్రలోకి జారిపోయాను. పక్కన తొట్టిలో ఉడత బోర్లా ఉంది. ముక్కూ నోరూ పక్కబట్టలో కూరుకుపోయి ఉన్నాయి.

ఆమె కేకకి లేచాను. నేను లేచేసరికి పిల్ల ఆమె చేతుల్లో ఉంది. మొహం కందిపోయి, జుట్టంతా చెమటతో అంటుకుపోయి, నోరు తెరిచి ఉంది గానీ శబ్దం లేదు. తర్వాత ఏడ్చింది. ఆ రెండింటి మధ్య ఎంతసేపు గడిచిందో నాకిప్పటికీ తెలియదు. నా జన్మలో అంత భయం ఎన్నడూ పడలేదు.

అమ్మ ఖాళీ బకెట్టుతో దిగొచ్చింది. నా భార్య పిల్లని భుజాన వేసుకుని, గోడ మీది కాగితం దగ్గరికి నడిచింది. పన్నెండు ముప్పైఅయిదు. వెల్లకిలా. తిరగేసిన టిక్కు.

"టిక్కు పెట్టారే అత్తయ్యా! ఇది వెల్లకిలానా?"

అమ్మ కాగితం వైపు చూసింది. తొట్టి వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. నేను చాప చివర ఊడిన పోగు ఒకటి పట్టుకుని లాగుతున్నాను. తేలు కుట్టిన దొంగలా ఉండడమంటే ఏమిటో ఆ రోజు నాకు తెలిసింది.

"మీకు ఇష్టం లేకపోతే లేదని మొహాన చెప్పాల్సింది. నాకు తెలీకుండా బోర్లా వేసి, పైగా అబద్ధపు టిక్కా? చూడకుండా టిక్కు పెట్టేవాళ్ళని మా దగ్గర ఆ రోజే ఇంటికి పంపేస్తారు, తెలుసా?"

అమ్మ బకెట్టు కింద పెట్టింది. "పొరపాటైందమ్మాయ్," అంది.

నేను నోరు తెరిస్తే అయిపోయేది. రెండు మాటలు. 'నేనే తిప్పాను.' ఆ వేళ చెప్పి ఉంటే రెండ్రోజులు భార్య మాట్లాడకపోయేది, నెల రోజులు సాధించేది, అంతే. భార్య కళ్ళల్లో నా పిల్లకి హాని చేసినవాడిగా నిలబడడానికి భయపడ్డాను. అమ్మకయితే ఏముంది, అమ్మే కదా, సర్దుకుపోతుందిలే అనుకున్నాను. రాత్రికి చెబుదాం, రేపు చెబుదాం, కాస్త చల్లారాక చెబుదాం. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. నా మాట పెదవి దాకా కూడా రాలేదు.

మర్నాటి నుంచి పక్కింటి ఆవిడ వచ్చి పిల్లని చూసుకోసాగింది. దారం కట్టిన పెన్ను ఆవిడ చేతికి మారింది. అమ్మ వంటింట్లోనే తిరుగాడింది. పదిరోజులయ్యాక, "నీ తమ్ముడి దగ్గర కొన్నాళ్ళుంటాను రా," అంది. బస్సు ఎక్కించి వచ్చింది నేనే. సంచీ కిటికీలోంచి అందిస్తున్నప్పుడు కూడా ఆవిడ నా మొహం కేసి చూసింది. టిక్కెట్టు జాగ్రత్త అని చెప్పాను.

కొన్నాళ్ళన్నది తొమ్మిదేళ్ళయింది. అమ్మ తిరిగి రాలేదు. మేమే వెళ్ళేవాళ్ళం. ఉడత ఆవిడ ఒళ్ళో ఆడేది, జడ పీకేది, కథలు చెప్పించుకునేది. పిల్లకి కళ్ళు మూతలు పడుతున్నాయంటే చాలు, అమ్మ లేచి తెచ్చి నా భార్య చేతుల్లో పెట్టేసేది. "నువ్వే పడుకోబెట్టుకో అమ్మాయ్," అనేది. నిద్రపోతున్న మనవరాలిని ఆవిడ మళ్ళీ ఎప్పుడూ ముట్టుకోలేదు.

పిల్లకి అయిదేళ్ళప్పుడు ఒకసారి, తమ్ముడి ఇంటి అరుగు మీద అమ్మా నేనూ ఇద్దరమే కూచున్నాం. అడిగేశాను. "ఆ రోజు నువ్వెందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వు చెబుతావనుకున్నాను రా," అంది.

నన్ను కాపాడడానికి చెప్పలేదని అంటుందనుకున్నాను. అదే నమ్ముకుని అన్నేళ్ళు నిద్రపోయాను. కాదు. ఆవిడ నాకోసం ఎదురుచూసింది, అంతే. అప్పుడైనా ఇంటికెళ్ళి భార్యతో చెప్పానా అంటే, అదీ లేదు. మరో నాలుగేళ్ళకి అమ్మ పోయింది. నా భార్య మనసారా ఏడ్చింది. ఏడుస్తూ, "నేనావిణ్ణి ఎప్పుడో క్షమించేశానండీ," అంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కూడా చేతకాలేదు నాకు.

ఇప్పుడు ఉడతకి కొడుకు పుట్టాడు. మూడు నెలలవాడు. నేను బట్టీ మానేసి ఏడాదయింది, నా భార్యా పని మానేసింది. ఉడత ఉద్యోగంలో మళ్ళీ చేరాలని వాణ్ణి మా దగ్గర వదలడానికి వచ్చింది. వస్తూనే గోడకి కాగితం అంటించింది. తల్లి పోలిక. గడులు, వేళలు, 'వెల్లకిలా'. నా భార్య ఆ కాగితం చూసి, వందోసారి ఆ కథ మొదలుపెట్టింది.

"మీ నానమ్మ మంచిదే పాపం. కానీ అబద్ధపు టిక్కు పెట్టి నిన్ను చంపినంత పని చేసింది."

"ఎన్నిసార్లు చెబుతావమ్మా," అని ఉడత నవ్వింది. నా వైపు తిరిగి, "అందుకే నాన్నా, పగలు వాణ్ణి నువ్వే చూడు. నువ్వుంటే నాకు బెంగలేదు," అంది.

తల్లీ కూతుళ్ళు వంటింట్లోకి వెళ్ళారు. నేను తొట్టి పక్కన కూచున్నాను. పావుగంటకి వాడు ఉలిక్కిపడ్డాడు. అచ్చం వాళ్ళమ్మలాగే, చేతులు రెండూ గాల్లోకి. ఏడుపు మొదలైంది. ఏం చేస్తున్నానో నాకు తెలిసేలోపే నా చేతులు వాడి కింద ఉన్నాయి, వాడు సగం తిరిగి ఉన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళయినా చేతులు మర్చిపోలేదు.

వాణ్ణి ఎత్తి గుండెకి హత్తుకున్నాను. 'వద్దురా' అన్న మాట చెవిలో పడ్డట్టయింది. అలాగే వాణ్ణి ఎత్తుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాను.

"ఆ రోజు ఉడతని బోర్లా తిప్పింది అమ్మ కాదు, నేను," అన్నాను. "నా నిద్ర కోసం తిప్పాను. వద్దని అమ్మ చెప్పింది కూడా. ఇప్పుడు వీణ్ణీ తిప్పబోయాను."

ముందుగా కదిలింది ఉడత. వచ్చి నా చేతుల్లోంచి కొడుకుని తీసుకుంది. విసురుగా కాదు, మెల్లగానే తీసుకుంది. తీసుకెళ్ళి వెల్లకిలా పడుకోబెట్టి, తనే టిక్కు పెట్టి, పెన్ను తన సంచిలో వేసుకుంది. "రేపటి నుంచి మా అత్తగారిని రమ్మంటాను నాన్నా," అంది నా మొహం చూడకుండా. సరేనమ్మా అన్నాను. ఇంకేమనే హక్కుంది నాకు?

నా భార్య తిడుతుందని చూశాను. తిడితే బాగుండుననిపించింది. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, గోడ మీది కాగితం ముందు నిలబడింది. కొత్త కాగితం, ఒకే ఒక్క టిక్కు.

"అయితే అత్తయ్య పెట్టిన టిక్కు నిజమేనా?" అంది.

"నిజమే," అన్నాను.

"చూసే పెట్టిందా?"

"చూసే పెట్టింది."

ఆమె అక్కడే గోడకి ఆనుకుని నేల మీద కూలబడింది. "అబద్ధమని అందరికీ చెప్పానండీ," అంది. "ఇన్నేళ్ళూ అందరికీ చెప్పాను."