పిడి మీది వేళ్ళు

కెమెరా జారింది అంగుళమే. పోయిన వారం వేలూరు బాగాయంలో, మోహన ఇంట్లో ఆమె పసిబిడ్డ చాప మీద నిద్రపోతుంటే, సరిగ్గా ఆ నుదుటికి పైన. ఫొటో తీస్తున్న ఉమామహేశ్వరి చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. తిరిగి చూస్తే మోహన గోడవైపు తిరిగి ఉయ్యాలకు చీర కడుతోంది. ఎవరూ చూడలేదు. చూసి తిట్టి ఉంటే అక్కడితో అయిపోయేదేమో. అప్పటినుంచి అన్నం కలుపుతున్నా, బస్సులో కూర్చున్నా, ఆ అంగుళం కళ్ళ ముందు జారుతూనే ఉంది. ఒక్కోసారి చెయ్యి అందుతుంది. ఒక్కోసారి అందదు.

బిడ్డకు రేపటితో నెల నిండుతుంది. నెల ఫొటోకు మళ్ళీ పోవాలి.

గుడియాత్తంలో తన ఇంటి మగ్గం పక్కనే కెమెరా ఉండే మూడుకాళ్ళ ట్రైపాడ్ నిలబెట్టింది. దాని తలకాయ తుపాకీ పిడిలా ఉంటుంది. నొక్కితే లోపలి గుండు వదులై కెమెరా ఎటైనా తిరుగుతుంది. వదిలేస్తే బిగుసుకుంటుంది. కెమెరా అడుగున ఉన్న మరను రూపాయి బిళ్ళతో ఎనిమిదోసారి తిప్పింది. కెమెరా ఇంకా ఊగుతూనే ఉంది.

మగ్గం గుంటలోంచి తండ్రి కన్నప్ప తల ఎత్తినాడు.

"ఎన్ని తూర్లు తిప్పుతావమ్మా? బావి గిలకా అది?"

"ఊగతా ఉండాది నాయనా."

"ఇట్ల తే."

ఆయన కళ్ళు మూసుకుని, ఒక్కో అతుకు మీదా బొటనవేలి గోరు ఆనించి కదిపి చూసినాడు. వేల పోగుల్లో సడలిన ఒక్క పోగును పట్టే గోరు అది.

"కెమెరా గట్టిగానే ఉండాది. దాని కింద పలక ఆడతా ఉండాది. నువ్వు బిగించేది ఒకటి, వదులైంది ఇంకొకటి."

పలక విప్పితే, దాన్ని పిడికి పట్టి ఉంచే చిన్న మర సగం బయటికి వచ్చి ఉంది. కన్నప్ప గంజి తడి ఆరని నూలుపోగు ఒకటి తెంచి, మర గాడిలో రెండు చుట్లు చుట్టినాడు. ఆమె మర తిప్పే అలెన్ కీతో బిగించింది. అతుకు మీద అడ్డంగా సుద్దగీత గీసి, కెమెరాకు రెండింతల బరువున్న ఇసుక సంచీ వేలాడదీశారు. సాయంత్రం దాకా గీత చెదరలేదు.

"ఎవురికైనా తగిలిందా?" అడిగినాడు ఆయన, ఆమెవైపు చూడకుండా.

"లేదు."

నిజమే. అయినా అబద్ధం చెప్పినట్టే అనిపించింది.

పొద్దున్నే వేలూరు బస్సెక్కింది. బాగాయంలో మోహన నవ్వుతూ బిడ్డను చాప మీద పడుకోబెట్టింది.

"అక్కా, పోయినతూరి మాదిరే పైనుంచి తియ్యి. మా ఆయన ఫోన్లో అదే పెట్టుకోనుండాడు."

ఉమామహేశ్వరి అరచేతులు చీరకు తుడుచుకుంది. బిడ్డ నుదుటి మీద నల్లబొట్టు. దానికి పైన గాలి ఖాళీగా ఉంది.

"మోహనా, పోయిన వారం కెమెరా జారింది. బిడ్డ మీదికి."

మోహన బిడ్డను లాక్కుని గుండెకు అదుముకుంది.

"ఎంత?"

ఉమామహేశ్వరి వేళ్ళతో చూపించింది. వేళ్ళ మధ్య ఆ అంగుళం పెద్దదైంది.

"ఆపొద్దే ఏల చెప్పలే?"

"భయమేసింది."

"ఇప్పుడు సరి చేసినావా?"

"నాయన చేసినాడు. బరువు కట్టి చూసినాం."

మోహన బిడ్డను ఉయ్యాలలో వేసి వచ్చి, చాప మీద బిడ్డ తల ఉన్నచోటే తన తల పెట్టి పడుకుంది.

"నా మీదికి తిప్పు."

"వద్దమ్మా, నువ్వు లెయ్యి..."

"బిడ్డనైతే పడుకోబెట్టచ్చు, నన్ను కూడదా?"

ఆమె పిడి నొక్కింది. కెమెరా తల వంచి మోహన ముఖంలోకి చూసింది. ఇక వదలాలి. వదిలితేనే బిగుసుకుంటుంది. పట్టుకున్నంతసేపూ గుండు వదులుగానే ఉండి, బరువంతా మణికట్టు మీదే వేలాడుతోంది. అదంతా తెలుసు. వేళ్ళకు తెలియడం లేదు. చెమటకు పిడి జారుతోంది.

"వదులక్కా," అంది మోహన, రెప్ప వేయకుండా.

చిటికెన వేలు లేచింది. తర్వాత ఉంగరపు వేలు. చివరికి అరచెయ్యి.

సుద్దగీత చెదరలేదు.

ఉయ్యాలలో బిడ్డ కదిలి ఏడుపు అందుకుంది. మోహన మాత్రం లేవలేదు. చూపు కెమెరా అద్దం మీదే ఉంది.

"ఇంకొంచేపు నా మీదే ఉండనీ," అంది.